పాత కారుకి ఇంటి దగ్గరే ఫ్యూయల్ పంప్ మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మెకానిక్‌ని కాదు, ముందే చెప్పేస్తున్నాను. నా దగ్గర 1997 మోడల్ మారుతి 800 ఉంది, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చే పాత పద్ధతి సామాను) బండి. కొన్నాళ్ళు ఒక పాత సాంట్రో కూడా ఉండేది. శ్రీకాకుళంలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఈ రెండిటికీ కలిపి ఇప్పటికి మూడు ఫ్యూయల్ పంపులు (ట్యాంకులోని పెట్రోల్‌ని ఇంజన్‌కి చేర్చేవి) మార్చాను. వాటిలో రెండు అసలు మార్చక్కర్లేనివి. ఆ రెండిటి డబ్బు వదిలాకే కాస్త బుద్ధి వచ్చింది, చుట్టాలూ తెలిసినవాళ్ళూ ఫోన్ చేసి అడిగేవన్నీ ఒక చోట రాసి పెడితే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నాను. పంప్ విప్పి బిగించడం పెద్ద పనేం కాదు. పోయింది పంపేనా అన్నది తేల్చుకోవడమే పని, అందుకే సగం పైగా దాని గురించే ఉంటుంది.

నా బండికి ఏ రకం పంప్ ఉందో ఎలా తెలుసుకోవాలి?

కార్బురేటర్ బండి అయితే (పాత 800లు, ఆమ్నీలు, పాత జెన్‌లు, అంబాసిడర్, పద్మిని) పంప్ ఇంజన్‌కే బిగించి ఉంటుంది. గుప్పెడంత ఉంటుంది, రెండు మూడు రబ్బరు పైపులు దానికి తగిలించి ఉంటాయి, కరెంటు వైరు ఒక్కటి కూడా ఉండదు. ఇంజన్ లోపల క్యామ్ (ఒక వైపు ఉబ్బి ఉండే ఇరుసు) తిరుగుతూ దీని లివర్‌ని నొక్కుతూ ఉంటే లోపలున్న డయాఫ్రమ్ అనే రబ్బరు పొర పైకీ కిందకీ ఆడి వెనక ట్యాంకులోంచి పెట్రోల్ లాక్కుంటుంది. ఎంపీఎఫ్ఐ బండి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే రకం) అయితే పంప్ ట్యాంక్ లోపలే పెట్రోల్‌లో మునిగి ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. మారుతి 800కి 2000 ప్రాంతం నుంచి ఎంపీఎఫ్ఐ వచ్చింది, సాంట్రో అయితే 1998లో వచ్చిందే ఎంపీఎఫ్ఐతో. బానెట్ ఎత్తి చూస్తే అయిపోయేదానికి నన్ను అడగడం ఎందుకు చెప్పండి.

20 కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోతోంది, పావుగంట ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతోంది. పంప్ పోయినట్టేనా?

నా మొదటి పంప్ డబ్బు పోయింది సరిగ్గా ఇక్కడే. సిరిమాను ఉత్సవం చూద్దామని అమ్మానాన్నల్ని ఎక్కించుకుని విజయనగరం బయల్దేరాం. ఎచ్చెర్ల దాటింది, రణస్థలం దాటింది, నాతవలస జంక్షన్ ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా గుక్కుగుక్కుమని ఆగిపోయింది. కాసేపటికి తనే స్టార్ట్ అయింది. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే వరస. పంపేనని నాకు నేనే తీర్మానించేసుకుని కొత్తది కొని బిగించాను. మర్నాడు చిలకపాలెం దగ్గర మళ్ళీ ఆగింది. అక్కడ రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డులో ఉన్న పెద్దాయన బానెట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "పంపు పోనేదు బాబూ, ముందు మూత తీసి సూడు" అన్నాడు. పెట్రోల్ ట్యాంక్ మూత తిప్పానో లేదో సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టు "సుయ్"మని గాలి లోపలికి పోయింది. బండి వెంటనే స్టార్ట్ అయింది.

జరిగింది ఏమిటంటే, పాత మూత ఎక్కడో పోతే రోడ్డు మీద దొరికిన ఏదో మూత కొని పెట్టాను. దానికి గాలి లోపలికి వచ్చే దారి లేదు. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా, రాకపోతే లోపల వాక్యూమ్ పట్టేసి పంప్ ఎంత లాగినా చుక్క కదలదు. బండి ఆగాక ఎక్కడో సందులోంచి నెమ్మదిగా గాలి చేరుతుంది, మళ్ళీ నడుస్తుంది. కాబట్టి ఆగిన వెంటనే, ఇంకేదీ ముట్టుకోకముందే, మూత తిప్పి చెవి పెట్టి వినండి.

మూత బాగానే ఉంది. కార్బురేటర్ బండికి పంప్ పరీక్ష ఎలా చేయాలి?

ముందు చవకైనవి చూడండి. ఫ్యూయల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే మార్చేయండి, పంపుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. తర్వాత ట్యాంక్ నుంచి పంప్ దాకా వచ్చే రబ్బరు పైపుల్ని వేళ్ళతో వంచి చూడండి. ఇక్కడ చాలామంది మోసపోతారు: పంప్ తర్వాతి పైపు చిట్లితే పెట్రోల్ కారుతుంది, కంటికి కనబడుతుంది. పంప్‌కి ముందున్న పైపు చిట్లితే బయటికి చుక్క కూడా కారకపోవచ్చు, పెట్రోల్‌కి బదులు గాలి పీలుస్తుంది అంతే. స్ట్రా పగిలితే కొబ్బరిబొండం తాగలేం కదా, అదే సంగతి.

అవన్నీ బాగుంటే అప్పుడు పరీక్ష. ఇగ్నిషన్ కాయిల్‌కి (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చేది) వచ్చే సన్న వైరు పీకేయండి, స్పార్క్ రాకూడదు, ఇది మర్చిపోవద్దు. కార్బురేటర్ దగ్గర పెట్రోల్ వచ్చే పైపు ఊడదీసి, ఇంకో పైపు ముక్క తగిలించి ఇంజన్‌కి దూరంగా పెట్రోల్‌కి పాడవని డబ్బాలోకి పెట్టండి. ఒకరు డబ్బా చూస్తూ ఉంటే ఇంకొకరు పది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. పంప్ బాగుంటే పాలు పితికినట్టు చిమ్ముచిమ్ముగా, ఒక లయలో వస్తుంది. బుడగలు బుడగలుగా వస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఏమీ రాకపోతే ఇంకో పని చేయండి: పంప్‌కి వచ్చే పైపు ఊడదీసి, చిన్న సీసాలో పెట్రోల్ పోసి, ఆ సీసాలోంచే పంప్‌కి పైపు ఇచ్చి మళ్ళీ కొట్టండి. సీసాలోంచి లాగితే పంప్ భేషుగ్గా ఉన్నట్టు, తప్పు వెనకాల ట్యాంకులోనో పైపులోనో ఉంది. సీసాలోంచి కూడా లాగకపోతే అప్పుడు పంప్ కొనండి.

ఇంజన్ ఆయిల్ పోయకుండానే లెవెల్ పెరిగింది, ఆయిల్ కొలిచే స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కంపు. ఏమిటిది?

డయాఫ్రమ్ చిరిగింది. పెట్రోల్ ఇంజన్‌లోకి దిగుతోంది. బండి వెంటనే ఆపేయండి, "ఆదివారం చూద్దాంలే" అనొద్దు. పెట్రోల్ కలిసిన ఆయిల్ నీళ్ళలా పల్చబడిపోతుంది, బేరింగులకి పట్టదు. వందల్లో పోయే పంప్ కోసం చూసుకుంటే ఇంజన్ పనికి వేలు పోతాయి. నా మూడో పంప్ ఇదే, మార్చాల్సింది ఇదొక్కటే. పంప్‌తో పాటు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాకే స్టార్ట్ చేయాలి. కొన్ని పంపులకి కింద చిన్న రంధ్రం ఉంటుంది, పొర చిరిగితే అక్కడ తడి కనబడుతుంది. అప్పుడప్పుడు వేలు పెట్టి చూసుకోండి.

ఎంపీఎఫ్ఐ బండి. తాళం తిప్పితే వెనక వచ్చే "జుయ్" చప్పుడు రావడం లేదు. పంప్ కొనేయనా?

ఆగండి. నా రెండో పంప్ కథ వినండి. సాంట్రో ఒక రోజు పొద్దున్న స్టార్ట్ కాలేదు. తాళం ఆన్‌లో పెట్టగానే రెండు సెకన్లు వెనక సీటు కింద నుంచి రావాల్సిన చప్పుడు లేదు. ఫ్యూజ్ చూశాను, బాగుంది. ఇంకేముంది పంపే అని వేలు పోసి కొత్తది తెచ్చి, చెమటలు కక్కుతూ బిగించాను. తాళం తిప్పితే అదే నిశ్శబ్దం. మా బావ చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేను. చివరికి చూస్తే పంప్ ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించి, పాత పంపే మళ్ళీ పెడితే అదే పాడింది. ఆ బండి మాకు ముందు ఏళ్ళ తరబడి కళింగపట్నంలో సముద్రం ఒడ్డున ఉంది, ఉప్పుగాలికి ఎర్త్‌లే ముందు పోతాయని అప్పుడు తెలిసింది. భావనపాడు, బారువ, చింతపల్లి వైపు బండ్లున్నవాళ్ళు పంప్ కన్నా ముందు ఎర్త్ చూసుకోండి.

వరస ఇది: ఫ్యూజ్, తర్వాత రిలే, అంటే పంప్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా (పక్కనే అలాంటిదే హార్న్ రిలే ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు, పిన్నులు ఒకేలా ఉంటేనే), తర్వాత పంప్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్). తాళం ఆన్ చేసిన రెండు సెకన్లలో, లేదా సెల్ఫ్ కొడుతున్నప్పుడు, అక్కడ బ్యాటరీతో దాదాపు సమానంగా వోల్టులు చూపించాలి. 12 రావాల్సిన చోట 9 వస్తే వైరింగులో ఎక్కడో తినేస్తోంది. మీటర్ నల్ల వైరుని ఏదో ఇనుముకి ఆనించి చూడొద్దు, నేను చేసిన తప్పు అదే. పంప్ కనెక్టర్‌లో ఉన్న ఎర్త్ పిన్నుకే పెట్టి చూడాలి. రెండు పిన్నుల మధ్య కరెంటు పూర్తిగా వస్తూ కూడా పంప్ మూగగా ఉంటే అది పోయినట్టే. ఇంకో గుర్తు: ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు ట్యాంక్ అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే స్టార్ట్ అవుతుంది. మోటార్ బ్రష్‌లు అరిగాయన్నమాట. ఇంటికి చేరుస్తుంది, రేపు మోసం చేస్తుంది.

చప్పుడు వస్తోంది కానీ బండికి పికప్ లేదు, 60 దాటితే ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది అంటే ప్రెషర్ కొలవాలి. ఈ బండ్లలో సుమారు 3 బార్ ఉంటుంది, కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో చూసుకోండి. గేజ్ లేకపోతే ఆ ఒక్క పనికి షెడ్డుకి వెళ్ళడమే నయం.

రోహిణి కార్తెలో అరకు ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోయింది. కిందికి దిగాక మామూలుగానే ఉంది. పంప్ మార్చాలా?

కార్బురేటర్ బండి అయితే చాలాసార్లు ఇది వేపర్ లాక్. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలవుతుంది, ఫస్టూ సెకండూ గేర్లలో పాకుతూ ఉంటే ఇంజన్ వేడెక్కుతుంది, గాలి తగలదు, పంపులోనూ పైపులోనూ పెట్రోల్ మరిగి ఆవిరైపోతుంది. పంప్ ద్రవాన్ని తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు. పాత డ్రైవర్లు తడిగుడ్డ పంప్ మీద వేసి పది నిమిషాలు బీడీ కాల్చుకునేవారు. తడిగుడ్డ వరకు మంచి సలహాయే, బీడీ మాత్రం వద్దు.

మళ్ళీ మళ్ళీ ఇలాగే జరుగుతుంటే రెండు చూడండి. పెట్రోల్ పైపు ఎగ్జాస్ట్‌కి దగ్గరగా జారిపోయిందా? పంప్‌కీ ఇంజన్‌కీ మధ్య మందపాటి నల్లటి దిమ్మ ఉండాలి, ఉందా? ఆ దిమ్మ వేడిని ఆపడానికే ఉంది. ఇంతకుముందు పంప్ మార్చినవాళ్ళు దాన్ని పారేసి ఉంటే ఎన్ని పంపులు మార్చినా ఘాట్‌లో ఆగుతూనే ఉంటుంది. ట్యాంకులో పంప్ ఉన్న బండ్లకి ఈ బాధ చాలా తక్కువ, వెనక నుంచే ప్రెషర్‌తో తోస్తుంది కాబట్టి పెట్రోల్ అంత తొందరగా మరగదు.

ఇంటి దగ్గర చేయడం ప్రమాదం కదా?

ప్రమాదమే. అబద్ధం చెప్పను. ఈ పనిలో భయపడాల్సింది పెట్రోల్‌కి కాదు, దాని ఆవిరికి. అది గాలి కన్నా బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది. మీరు పోర్టికోలో పంప్ విప్పుతుంటే ఆవిరి గుమ్మం దాటి వంటింట్లో స్టవ్ దాకా వెళ్ళగలదు. గడ్డకట్టే చలిలో కూడా అంటుకునే సరుకు అది, మన మే నెల సంగతి వేరే చెప్పాలా.

కాబట్టి ఇంటి కారు షెడ్డులో, సెల్లార్‌లో చేయొద్దు, ఆరుబయట చేయండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి: ఆ రెండు గంటలూ వాకిట్లో అగరొత్తి, దీపం, దోమల చుట్ట ఏవీ వద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. వైరుకి వేలాడే బల్బు లైట్ వాడొద్దు, పడి పగిలితే అంతే. ఎల్‌ఈడీ టార్చి చాలు. ఫోన్ జేబులో వద్దు, గట్టు మీద పెట్టండి. నైలాన్ షర్టు బదులు పాత కాటన్ షర్టు వేసుకోండి. డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేలా ఉండాలి, దాంతోపాటు ఒక బకెట్ పొడి ఇసుక. మంట లేస్తే నీళ్ళు చల్లొద్దు, పెట్రోల్ నీళ్ళ మీద తేలి ఇంకా పాకుతుంది. వేడి ఇంజన్ మీద ఎప్పుడూ మొదలుపెట్టొద్దు, రాత్రి ఆపిన బండి మీద పొద్దున్నే చేయడం మంచిది. ఇవన్నీ అతిగా అనిపిస్తే పని మెకానిక్‌కి ఇచ్చేయండి, నాకేం చిన్నతనం అనిపించదు, మీకూ అనిపించక్కర్లేదు.

ట్యాంకులో పెట్రోల్ పైపు పెట్టి నోటితో లాగేయొచ్చా? మా నాన్న అలాగే చేసేవారు.

మా నాన్న కూడా చేసేవారు. వద్దు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, వచ్చేదారిలో మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపులు చవగ్గా దొరుకుతాయి.

సామాన్లు ఏమేం కావాలి?

మెకానికల్ పంప్‌కి పెద్దగా ఏం అక్కర్లేదు. నా 800కి 12 నంబర్ పానా, ఒక స్క్రూడ్రైవర్, ఒక ప్లయర్ చాలాయి. కొత్త గాస్కెట్లు (అతుకుల మధ్య కారకుండా వేసే పల్చటి అట్టలు), కొత్త క్లిప్పులు, పెట్రోల్‌కి పనికొచ్చే రబ్బరు పైపు ఒక మీటరు. హార్డ్‌వేర్ షాపులో దొరికే తెల్లటి ప్లాస్టిక్ పైపు వేయొద్దు, నాలుగు నెలల్లో రాయిలా గట్టిపడి చిట్లుతుంది. ఎంపీఎఫ్ఐ బండికి ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఇంజెక్షన్‌కి పనికొచ్చే పైపే ఉండాలి. ట్యాంక్ లోపల మునిగి ఉండే పైపు ముక్క అయితే ఇంకా వేరు, దానికి లోపలా బయటా రెండు వైపులా పెట్రోల్ తట్టుకునే రకమే కావాలి. మామూలు పైపు వేస్తే బయటి పొర ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది.

డూప్లికేట్ పంప్‌ని ఎలా పట్టుకోవాలి?

పాతది విప్పి చేతిలో పట్టుకెళ్ళండి, లేదా కనీసం ఫొటో. మెకానికల్ పంప్ అయితే కౌంటర్ దగ్గరే పరీక్ష చేయొచ్చు: పెట్రోల్ లోపలికొచ్చే గొట్టం మీద వేలు గట్టిగా పెట్టి లివర్ రెండుసార్లు నొక్కి వదలండి, వేలుని లోపలికి పీల్చి పట్టుకోవాలి, కొన్ని సెకన్లయినా వదలకూడదు. షాపువాడు చిరాకు పడితే ఇంకో షాపు చూసుకోవచ్చు. పాత మోడళ్ళకి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరక్కపోతే వైజాగ్ ఒక ట్రిప్పు తప్పదు. పాత బండి విప్పి అమ్మేవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్ పంప్ మాత్రం కొనొద్దు, ఎండిపోయిన డయాఫ్రమ్ వారం తిరక్కుండానే చిరుగుతుంది.

సరే, మెకానికల్ పంప్ మార్చే వరస చెప్పండి.

పంప్ చుట్టూ దుమ్మూ జిడ్డూ బ్రష్‌తో శుభ్రంగా తుడవండి, లేకపోతే విప్పగానే అదంతా ఇంజన్‌లో పడుతుంది. ఏ పైపు ఎక్కడిదో టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. వచ్చేది, వెళ్ళేది కాకుండా కొన్నిటికి మూడోది రిటర్న్ ఉంటుంది, తారుమారు చేస్తే తలనొప్పి. ట్యాంక్ వైపు పైపు ఊడదీయగానే పెన్సిల్ ముక్కో బోల్టో దూర్చి మూసేయండి. ఇప్పుడు రెండు బోల్టులు. పంప్ బయటికి తీసేటప్పుడు కింద ఒక చెయ్యి పట్టుకోండి, కొన్ని ఇంజన్లలో పంప్‌కీ క్యామ్‌కీ మధ్య చిన్న ఇనుప కడ్డీ ఉంటుంది, జారి పడితే వెతుక్కోలేక చస్తారు.

మధ్యలో ఉన్న దిమ్మ గురించి పైన చెప్పాను. దాన్ని పారేయొద్దు, దాని బదులు రెండు గాస్కెట్లు వేస్తే సరిపోతుందనుకోవద్దు. ఆ దిమ్మ మందాన్ని బట్టే లివర్ ఎంత లోపలికి దూరాలో ఉంటుంది. పల్చనైతే లివర్ మరీ ఎక్కువ నొక్కుకుని పంప్ తొందరగా పోతుంది, మందమైతే సరిగా నొక్కక పెట్రోల్ చాలదు. దిమ్మకి రెండు వైపులా పాత గాస్కెట్ ముక్కలు గోరుతోనో ప్లాస్టిక్ కార్డుతోనో గీకేయండి. నాకు ఆ గీకుడికే నలభై నిమిషాలు పట్టింది, మొత్తం పనిలో ఎక్కువ టైమ్ తిన్నది అదే.

కొత్త పంప్ పెట్టేటప్పుడు బోల్టు అందక, పంప్ బయటికి తన్నుతుంటే బలవంతం చేయొద్దు. క్యామ్ ఎత్తు భాగం లివర్ వైపు ఉందని అర్థం. బండిని నాలుగో గేర్‌లో పెట్టి, ప్లగ్గులు విప్పి, నెమ్మదిగా ముందుకి తోయండి; క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) సరిగ్గా ఒక చుట్టు తిరిగితే క్యామ్ సగం తిరిగి పల్లపు భాగం ఇటు వస్తుంది, పంప్ మెత్తగా కూర్చుంటుంది. రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి, ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకుంటే పంప్ చెవి విరుగుతుంది.

ట్యాంక్ లోపలి పంప్ అయితే?

ముందు ప్రెషర్ దించాలి. పంప్ ఫ్యూజ్ పీకి, ఇంజన్ స్టార్ట్ చేస్తే లైనులో మిగిలిన పెట్రోల్‌తో కాసేపు నడిచి ఆగిపోతుంది. అసలు స్టార్టే కాని బండి అయితే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టి, పైపు కీలు మీద గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయండి, కళ్ళజోడు పెట్టుకుని. తర్వాతే బ్యాటరీ వైరు తీయండి. ట్యాంక్‌లో పావు కన్నా తక్కువ పెట్రోల్ ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

సాంట్రోలో వెనక సీటు ఎత్తితే మూత కనబడుతుంది, అదృష్టం. మూత చుట్టూ ఏళ్ళ నాటి మట్టి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచాకే విప్పండి. పెద్ద రింగు ఉన్న బండ్లలో దాన్ని ఇనుప ఉలి పెట్టి కొట్టొద్దు, నిప్పురవ్వ లేచిందంటే అంతే. చెక్క ముక్క లేదా ఇత్తడి కడ్డీ పెట్టి తట్టండి. పంప్ బయటికి తీసేటప్పుడు పక్కకి చాచి ఉండే ఫ్లోట్ చెయ్యి వంగకుండా చూడండి, వంగిందంటే పెట్రోల్ మీటర్ ఇక జన్మలో నిజం చెప్పదు. పాత రబ్బరు సీల్ పెట్రోల్‌కి ఉబ్బి పెద్దదైపోతుంది, మళ్ళీ గాడిలో కూర్చోదు, కొత్తది ముందే కొని పెట్టుకోండి. పంప్ అడుగున జల్లెడ లాంటి స్ట్రైనర్ ఉంటుంది, అదీ కొత్తదే వేయాలి. ట్యాంక్ అడుగున తుప్పు కనబడితే ట్యాంక్ కడిగించకుండా కొత్త పంప్ దించొద్దు.

మా బండికి సీటు కింద మూత లేదు. ట్యాంక్ దించాలంటున్నారు.

అలాంటివి చాలా ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే అది ఇంటి పని కాదు. 14 లీటర్ల పెట్రోలే 10 కిలోల పైన తూగుతుంది, జాకీ మీద ఎత్తిన బండి కింద పడుకుని, ముఖం మీద ట్యాంక్ ఊగుతుంటే చేయాల్సిన పని. ర్యాంపు ఉన్న షెడ్డుకి ఇవ్వండి. సీటు కింద రేకు కోసి మూత చేసేద్దామని ఒక కుర్రాడు అడిగాడు. పెట్రోల్ ట్యాంక్‌కి అంగుళం పైన గ్రైండర్ పెట్టి రవ్వలు లేపుతావా నాయనా?

కార్బురేటర్ బండికి పాత పంప్ పీకేసి ఎలక్ట్రిక్ పంప్ బయట పెట్టేస్తే పీడా పోతుంది కదా?

కార్బురేటర్‌కి కావాల్సింది 0.2 నుంచి 0.3 బార్ మాత్రమే. ఏదో ఎంపీఎఫ్ఐ బండి పంప్ తెచ్చి తగిలిస్తే దాని పది రెట్లు తోస్తుంది, కార్బురేటర్‌లో పెట్రోల్‌కి అడ్డుపడే నీడిల్ దాన్ని ఆపలేదు, పెట్రోల్ పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది. తక్కువ ప్రెషర్‌వి వేరే ఉంటాయి, కానీ ఇంజన్ ఆగితే పంప్ కూడా ఆగేలా రిలే పెట్టకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు అది పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన పంప్ ఇరవై ఏళ్ళు పనిచేసింది, అలాంటిదే వేసుకోండి.

ఇప్పుడు వచ్చే ఇథనాల్ పెట్రోల్ వల్లే పంపులు పోతున్నాయా?

కొంత నిజం. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2023లో బంకుల్లోకి రావడం మొదలై 2025కల్లా దాదాపు అంతటా అదే అయింది. తొంభైల నాటి బండ్ల రబ్బరుని దానికోసం తయారు చేయలేదు, పైపులూ డయాఫ్రమ్‌లూ ఉబ్బుతాయి, ఎండుతాయి, చిట్లుతాయి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. వానాకాలం అంతా బండి తీయకుండా ఉంచితే నీళ్ళు వేరుపడి ట్యాంక్ అడుక్కి చేరతాయి, పంప్ పీల్చేది ఆ అడుగునుంచే. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరు తర్వాత మా వీధిలో రెండు బండ్లు ట్యాంకులో నీళ్ళు చేరి ఆగిపోయాయి, పంపులు బాగానే ఉన్నాయి. గాజు సీసాలోకి కాస్త పెట్రోల్ తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి, అడుగున గీత గీసినట్టు ఇంకో పొర కనబడితే అదే.

నేను ఎప్పుడూ 200 రూపాయల పెట్రోలే కొట్టిస్తాను. దానికీ పంప్‌కీ సంబంధం ఉందా?

ట్యాంకులో పంప్ అయితే ఉంది. ఆ మోటార్‌ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులో తిప్పితే వేడికి తొందరగా పోతుంది, అడుగున ఉన్న చెత్తంతా అదే తాగుతుంది. పావు ట్యాంక్ కన్నా కిందికి పోనీయకండి. ఎల్‌పీజీ కిట్ ఉన్నవాళ్ళు గ్యాస్ మీద నడుస్తోంది కదా అని పెట్రోల్ పూర్తిగా ఎండబెట్టేస్తారు, కొన్ని కిట్లలో పంప్ అప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది.

డీజిల్ బండి పంప్?

ఇంట్లో ముట్టుకోవద్దు. అది వేరే లోకం.

అన్నీ బిగించాను, స్టార్ట్ కావడం లేదు. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ వద్దు, లైన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. కార్బురేటర్ బండి అయితే పది సెకన్లు సెల్ఫ్ కొట్టి అరనిమిషం ఆపండి, అలా నాలుగైదు సార్లు, కార్బురేటర్ గిన్నె నిండాలి. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటార్ కాలుతుంది. ఎంపీఎఫ్ఐ అయితే సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్, ఆఫ్ అయిదారుసార్లు చేయండి, ప్రతిసారీ పంప్ రెండు సెకన్లు తోస్తుంది. అప్పటికీ కాకపోతే కాయిల్ వైరు మళ్ళీ తగిలించారా? నవ్వకండి, నేను మర్చిపోయి గంట కొట్టుకున్నాను.

స్టార్ట్ అయ్యాక ప్రతి కీలు దగ్గరా తెల్లటి టిష్యూ కాగితం ఆనించి చూడండి, తడి అంటిందంటే ఆపేసి మళ్ళీ బిగించండి. అరగంట తిరిగి వచ్చి ఇంజన్ ఆపి మరోసారి చూడండి, చల్లగా ఉన్నప్పుడు కారనిది వేడెక్కాక కారవచ్చు. ఆ మొదటి ట్రిప్పుకి పిల్లల్ని ఎక్కించుకోవద్దు, ఊళ్ళోనే అరసవల్లి దాకా వెళ్ళి రండి చాలు.

తీసిన పాత పెట్రోల్ ఎక్కడ పారబోయాలి?

కాలవలో కాదు, చెరువులో కాదు, పెరట్లో నుయ్యి ఉంటే పెరట్లో అసలే కాదు. శుభ్రంగా ఉంటే గుడ్డలో వడగట్టి మళ్ళీ ట్యాంక్‌లోనే పోయొచ్చు. నీళ్ళు, తుప్పు ఉంటే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి షెడ్డులో ఇస్తే సామాన్లు కడగడానికి తీసుకుంటారు. పాత పంప్ మాత్రం పారేయకండి, నా సాంట్రో పాత పంప్ బండితో పాటే అమ్మేశాను, కొన్నాయన దాంతోనే ఇంకా తిరుగుతున్నాడు, నేను వేలు పోసి కొన్న కొత్తది మాత్రం ఇప్పటికీ మా అటక మీద అట్టపెట్టెలో ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి.